ఆ కారుకు లేని రోగం

బ్రిస్బేన్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజుల్లో నేను స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ ఇంటాయన మా అమ్మ పుట్టిన ఊరివాడు. ఏదో దూరపు చుట్టరికం ఉందని అమ్మ చెప్పేది గాని అది ఎటునుంచి ఎటు కలుస్తుందో ఆమెకూ సరిగ్గా తెలియదు. అందుకే వరస పెట్టకుండా ఆయన్ని అంకుల్ అనీ, ఆయన భార్యని ఆంటీ అనీ పిలిచేవాణ్ణి. గరాజ్ పక్కనున్న చిన్న గది నాకిచ్చారు. అద్దె వద్దన్నారు. వాళ్లమ్మాయికి వారంలో మూడు రోజులు లెక్కలు చెప్పేవాణ్ణి. ఆంటీ వండింది తినేవాణ్ణి. వాళ్లు నన్ను చెడ్డగా చూశారని ఎక్కడా అనలేను. ఈ కథలో నాకు కష్టంగా ఉండేది అదే.

నా చదువు మెకానికల్ ఇంజనీరింగ్. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, అంకుల్‌కీ చెప్పలేదు. క్లాసులో నేను నోరు తెరిస్తే మిగతావాళ్లు కొంచెం ముందుకు వంగి, నా ఇంగ్లీషు అర్థం చేసుకోవడానికి ఓపిగ్గా వినేవాళ్లు. ఆ ఓపికే నాకు అవమానంగా ఉండేది. నెల తిరిగేసరికి నోరు తెరవడం మానేశాను.

అలాంటి రోజుల్లో అంకుల్ కారు మార్చాలనుకున్నారు. ఇంట్లో అప్పటికే ఒక పెద్ద కారు ఉంది. దాన్ని ఆంటీ నడిపేది. అంకుల్ రోజూ స్టేషన్‌కి వేసుకెళ్లే చిన్న కారు పాతబడింది. దాని బదులు మరో చిన్న కారు కొంటే సరిపోయేది. కానీ ఆయన మనసులో ఉన్నది వేరు. జర్మనీవాళ్లు చేసే చిన్న సైజు సెడాన్, నేలకు దగ్గరగా ఉండేది, లోపల తోలు సీట్లు, కాలు ఆనిస్తే చాలు ముందుకు దూకే ఇంజన్. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మాదాపూర్‌లో బస్సు కోసం నిలబడితే అలాంటి కారొకటి రోజూ ఒకే టైముకి తన ముందు నుంచి వెళ్లేదట. ఆ ముక్క ఆయన నాకు చెప్పారు గాని ఆంటీకి ఎప్పుడూ చెప్పినట్టు లేదు.

"వెనకాల ఎవరు కూర్చుంటారు అందులో?" అని అడిగింది ఆంటీ, ఫోన్‌లో ఫొటో చూసి.

"మనకి పెద్ద బండి ఉంది కదా. ఇది ఆఫీసుకి."

"ఆఫీసుకి ట్రైన్‌లో కదా వెళ్తారు?"

వాళ్లమ్మాయి పుస్తకం లోంచి తలెత్తకుండానే, "డాడ్, ఇట్స్ అ మిడ్‌లైఫ్ క్రైసిస్ కార్," అంది. ఆంటీ నవ్వింది. అంకుల్ నవ్వలేదు. ఆ శనివారం పొద్దున్న నా గది తలుపు కొట్టి, "ఏరా, ఖాళీనా? షోరూమ్‌కి వెళ్దాం. నువ్వు ఇంజనీరువి, పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది," అన్నారు.

ఆ మాట నాకు ఎంత తీపిగా ఉందో ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అలా రెండు నెలల పాటు మా శనివారాలన్నీ కార్లతోనే గడిచాయి. మొదట కొత్తవే చూశాం. షోరూముల్లో నేల అద్దంలా ఉండేది. సేల్స్ కుర్రాళ్లు అంకుల్ చేతికి కాఫీ ఇచ్చి, వేసుకున్న బూట్ల కేసి ఒక చూపు చూసేవాళ్లు. టెస్ట్ డ్రైవ్‌లో అంకుల్ స్టీరింగ్ పట్టుకుంటే నేను పక్కన కూర్చుని గేర్ల మార్పు, సస్పెన్షన్, టైర్ల చప్పుడు గురించి చెప్పేవాణ్ణి. చాలావరకు అంతకుముందు రాత్రి చదువుకున్నవే. ఆయన శ్రద్ధగా వినేవారు. తిరిగొచ్చాక సేల్స్‌మన్‌తో నా మాటలే తన మాటలుగా అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు, గర్వంగా ఉండేది.

కొత్తది వద్దని చెప్పింది నేనే. షోరూమ్ గేటు దాటగానే విలువ పడిపోతుందనీ, మూడు నాలుగేళ్లు వాడి బాగా చూసుకున్న కారైతే అదే సుఖం సగం ఖర్చుతో దొరుకుతుందనీ కాగితం మీద గీసి చూపించాను. అంకుల్‌కి సెకండ్‌హ్యాండ్ అన్న మాట రుచించలేదు. వాళ్ల ఆఫీసులో ఒకతను కొత్తది కొన్నాడు. "మనం పాతది కొన్నామంటే ఎలా ఉంటుందిరా?" అని రెండు వారాలు నలిగారు. చివరికి, "మంచి బండి, తక్కువకి కొట్టేశాం అని చెప్పుకుంటే అదీ గొప్పే కదా," అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. ఆ 'కొట్టేశాం' అన్న మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

పాత కార్లలో ఒకదానికి యాక్సిడెంట్ దాచి రంగు వేశారు. ఒకదానికి సర్వీసు పుస్తకం లేదు. ఇంకొకదాని తివాచీ కింద చెయ్యి పెడితే తేమగా ఉంది, అది ఎక్కడో వరదలో మునిగిన కారు. వీటన్నిటినీ నేను పట్టుకున్నాను. ప్రతిసారీ అంకుల్ నా భుజం తట్టేవారు.

తరవాత టూవూంబాలో ఒక కారు కనపడింది. ప్రకటనలో ఫొటోలు వంకరగా ఉన్నాయి. కారులో ఉన్న లోపాలన్నీ వరసగా రాసి ఉన్నాయి. వెనక ఎడమ తలుపు మీద గీత, కుక్క గీరింది అని కూడా. అమ్మేవాళ్లు ఇలా రాయడం నేను అంతవరకూ చూడలేదు.

కొంటే పాత కారు వెనక్కి తోలుకురావడానికి ఆంటీ కూడా మాతో వచ్చింది. మేం వెళ్లేసరికి ఉదయం పది. కొండ మీది ఊరు కాబట్టి చలిగా ఉంది. తలుపు తీసింది డెబ్బై దాటిన ఒక తెల్ల ముసలావిడ. భర్త రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న కారట. కొన్న మూడేళ్లకు ఆయన పోయాడు. ఆమెకు గేర్లు మార్చే కారు చేతకాదు. ఏడాది పాటు గరాజ్‌లో పెట్టి, వారానికోసారి పక్కింటాయన చేత స్టార్ట్ చేయించి, ఇక అమ్మేద్దామనుకుంది. సర్వీసు బిల్లులన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో తేదీల వరసన పెట్టి ఉన్నాయి. అన్నీ ఒకే మెకానిక్ ఇచ్చినవి. అక్కడ కారు అమ్మాలంటే మెకానిక్ చూసి బాగుందని సంతకం పెట్టిన కాగితం ఉండాలి. దాన్ని రోడ్‌వర్తీ అంటారు. ఆ సంతకమూ అతనిదే.

బానెట్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. మేం వచ్చే ముందు ఇంజన్ వేడిచేసి దేన్నీ దాచలేదన్నమాట. స్టార్ట్ చేస్తే ఒక్క తిప్పుకి అందుకుంది. కింద పడుకుని చూశాను. ఎక్కడా నూనె చుక్క లేదు. ఆమె తను రాకుండా మమ్మల్నిద్దర్నే తోలుకుని రమ్మంది. తాళాలిచ్చి, లోపలికి వెళ్లి టీ పెట్టుకుంది. అంకుల్ స్టీరింగ్ పట్టుకున్నారు. ఆయన మొహంలో అలాంటి సంతోషం నేను ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు.

తిరిగొచ్చి ఇంటి ముందు ఇంజన్ ఆపకుండా దిగాం. ఆమె బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడింది. అంకుల్ ఆమె వైపు చూసి నవ్వుతూనే తెలుగులో అడిగారు.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది అంకుల్. ఇంతకంటే మంచిది దొరకదు. అడిగిన రేటు కూడా న్యాయంగానే ఉంది."

"బాగుందని మొహంలో కనపడనీకు. ఆ టిక్ టిక్ ఏంటి?"

"ఇంజెక్టర్ల సౌండ్. ఈ టైపు ఇంజన్లన్నిటికీ ఉంటుంది. అది నార్మల్."

"నార్మల్ అని నీకు తెలుసు. ఆవిడకి తెలీదుగా."

ఆయన నవ్వు చెదరకుండా ఇంకా అన్నారు. "నేను చెప్తే బేరమాడుతున్నాడనుకుంటుంది. నువ్వు స్టూడెంట్‌వి, ఇంజనీరువి. నీ నోట్లోంచి వస్తే నమ్ముద్ది. ఒక్క మాట అను చాలు. ఈ దేశంలో అందరూ చేసేదే ఇది."

ఆమె మెట్ల దగ్గర చేతులు కట్టుకుని, మా మాటలకు అడ్డు రాకూడదని పూలకుండీల వైపు చూస్తూ నిలబడింది. నేను కాదనొచ్చు. కాదంటే అంకుల్ నన్ను ఇంట్లోంచి గెంటేవారు కాదు. మహా అయితే దారిలో ముభావంగా ఉండేవారు. నాకు ఆ ముభావం కూడా భయమే. రెండు నెలలుగా నేను ఎవరి దగ్గరైనా ఇంజనీరునంటే అది ఆయన దగ్గరే.

ఆమె దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో చెప్పాను. ఈ చప్పుడు వినపడుతోందా, ఇంజన్ లోపల ఒక చైన్ ఉంటుంది, అది వదులైనప్పుడు ఇలా వస్తుంది, ఇప్పుడే ఏమీ కాదు గాని ఏడాదిలో తెగితే ఇంజన్ మొత్తం పోతుంది. ఆ ఏడాదంతా నేను ఇంగ్లీషు అంత తడుముకోకుండా మాట్లాడింది అప్పుడే. ఆమె ముందుకు వంగి వినలేదు. ఒక్కసారికే అర్థమైంది ఆమెకు.

ఆమె మొహం ఎర్రబడింది. "అయ్యో, క్షమించండి. నాకు తెలియదు, నిజంగా తెలియదు. తెలిస్తే ప్రకటనలో రాసేదాన్ని," అంది. లోపలికి వెళ్లి కూర్చుని, ఏదో లెక్క వేసుకుని, అంకుల్ అడగాలనుకున్నదానికన్నా ఎక్కువ తానే తగ్గించింది. కాగితాల మీద సంతకాలయ్యాక నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు చెప్పకపోయి ఉంటే నేను మీకు చెడ్డ కారు అంటగట్టేదాన్ని," అంది. నా ఫోన్ నంబరు అడిగి ఫ్రిజ్ మీది కాగితం మీద రాసుకుంది.

కొండ దిగుతుంటే అంకుల్, "నువ్వు లా చదవాల్సిందిరా," అన్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. వెనక పాత కారు ఆంటీ తోలుకొస్తోంది. ఆవిడ ఆ ఇంటి ముందు కారు లోంచి దిగనే లేదు, అందుకని ఏమీ వినలేదు. విని ఉంటే ఏమనేదో అని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

రెండు వారాల తరవాత చెరువు పక్క పార్కులో తెలుగువాళ్లందరూ కలిసి బార్బెక్యూ పెట్టుకున్నారు. చికెన్ ముక్కలు తిప్పుతూ అంకుల్ ఆ కథంతా చెప్పారు. నా గొంతు అనుకరించారు కూడా. మగవాళ్లందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఒకాయన, "తమ్ముడూ, వచ్చే నెల నాకూ ఒక బండి చూడాలి, రావాలి నువ్వు," అన్నాడు. సరేనన్నాను. ఇంకో ఇద్దరి కోసం వెళ్లాను కూడా. అక్కడ అబద్ధాలు చెప్పాల్సిన అవసరం రాలేదు. వస్తే చెప్పేవాణ్ణేమో.

ఆ ముసలావిడ ఫోన్ చేసింది ఆ తరవాత. నేను లైబ్రరీలో ఉన్నాను. ఒక చిన్న ఆటోమేటిక్ కారు చూశాననీ, కొనేముందు నేనొకసారి చూస్తే ధైర్యంగా ఉంటుందనీ, బస్సు ఖర్చు తానిస్తాననీ అంది. "ఈ వ్యవహారంలో నాకు నిజం చెప్పింది నువ్వొక్కడివే," అంది.

వెళ్లాను. దారి పొడుగునా చెప్పేయాలనే అనుకున్నాను. బస్సు దిగేసరికి ఆమె స్టాపులో నిలబడి ఉంది. గాలికి కోటు మెడ దాకా గుండీలు పెట్టుకుంది. నడుచుకుంటూ కార్లమ్మే చోటికి వెళ్లాం. ఆ చిన్న కారును నేను గంటసేపు చూశాను. నా జీవితంలో ఏ కారునీ అంత జాగ్రత్తగా చూడలేదు. ముందు టైర్లు ఒక పక్కే అరిగాయి. అమ్మేవాణ్ణి ఒప్పించి కొత్త టైర్లు వేయించాను. ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. టీకి ఇంటికి రమ్మంది.

టీ తాగుతూ, తనే మొదలుపెట్టి మెకానిక్ సంగతి చెప్పింది. అతనూ ఆమె భర్తా ముప్పై ఏళ్ల స్నేహితులు. కలిసి చేపలు పట్టడానికి వెళ్లేవాళ్లు. భర్త పోయాక కూడా ప్రతి గురువారం సాయంత్రం వచ్చి కాసేపు కూర్చునేవాడు. లైటు పోతే మార్చేవాడు. మేం కారు తీసుకెళ్లిన మర్నాడు ఆమె అతని షెడ్డుకి వెళ్లి, చైన్ పోయిన కారుకి సంతకం ఎలా పెట్టావని నిలదీసింది. చైన్‌కి ఏమీ కాలేదని అతను ఒట్టు పెట్టాడు.

"అబద్ధాలకోరువని అన్నాను అతన్ని, మొహం మీదే. ఇన్నేళ్లూ మా ఆయన్ని కూడా ఇలాగే మోసం చేసి ఉంటావన్నాను," అంది. "అప్పట్నుంచి రాలేదు. రాకపోవడమే మంచిది."

అన్న తీరు మంచిదన్నట్టు లేదు. నా ముందున్న కేకు ముక్క అలాగే ఉంది. అప్పుడు చెప్పాలి. ఎదురుగా కూర్చుని ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను బస్సుకు టైమవుతోందన్నాను. గుమ్మం దాకా వచ్చి, దారిలో తినమని ఆ కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది.

మూడు వారాలు పట్టింది మళ్లీ వెళ్లడానికి. మధ్యలో పరీక్షలని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఈసారి ముందు మెకానిక్ షెడ్డుకి వెళ్లాను. అతనికి చెప్పడం తేలికనుకున్నాను. బట్టతల, తెల్ల గడ్డం, నీలం ఓవరాల్. నేను చెప్పినంతసేపూ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ విన్నాడు.

"అది ఇంజెక్టర్ల చప్పుడని నీకప్పుడు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు."

తల ఊపాడు. "నాకు చెప్పి లాభం లేదు. నాకు ముందే తెలుసు. వెళ్లి ఆమెకు చెప్పు," అని మళ్లీ కారు కిందికి దూరాడు.

ఆమె ఇంటి తలుపు తీసింది గాని, ముందున్న దోమల వల తలుపు తీసేలోపలే నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఆగితే చెప్పలేనని భయం. ఆమె చెయ్యి గడియ మీద అలాగే ఉండిపోయింది. మొత్తం ఆ వలకి అవతలి నుంచే వింది. నేను క్షమించమన్నాను.

"ఆ రోజు మీరిద్దరూ మీ భాషలో మాట్లాడుకుంటుంటే తండ్రీ కొడుకులనుకున్నాను," అంది చివరికి. "నవ్వుకుంటూ ఎంత ముచ్చటగా మాట్లాడుకుంటున్నారో అనుకున్నాను. మా ఆయన కారు మంచివాళ్ల చేతికి వెళ్తోందని సంతోషించాను."

నేనేదో అనబోయాను.

"చెప్పావు, సరే. ఇంక రాకు," అంది. తలుపు విసురుగా వేయలేదు, మెల్లగా వేసింది. లోపల గడియ పడింది. ఆమె మళ్లీ అతనితో మాట్లాడిందో లేదో, గురువారాలు అతను మళ్లీ రావడం మొదలైందో లేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చి అంకుల్‌తో చెప్పాను. ఆయన గరాజ్ ముందు కారు కడుగుతున్నారు. తగ్గించిన డబ్బు ఆమెకు తిరిగిచ్చేద్దాం అన్నాను. ఆయన నీళ్ల పైపు ఆపి నా వైపు చూశారు.

"ఆవిడకి వెళ్లి చెప్పావా? నా పేరుతో సహా?"

"నేనే చేశానని చెప్పాను అంకుల్."

"మరి నువ్వేగా చేసింది?" అన్నారు. "నీ గొంతు మీద కత్తి పెట్టానా? వద్దంటే ఊరుకునేవాణ్ణి. నువ్వు వెళ్లి చైను, ఇంజను అని అంత కథ చెప్తావని నేననుకున్నానా? నేను ఒక్క మాట అనమన్నాను."

ఇన్నేళ్ల తరవాత కూడా ఆయన్ని తప్పు పట్టాలని కూర్చున్నప్పుడల్లా ఆ మాట దగ్గరే ఆగిపోతాను.

అంకుల్ డబ్బు తిరిగివ్వలేదు. ఆంటీ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, "ఇంట్లో పిల్లాడిలా చూసుకున్నాం. బయటివాళ్ల ముందు ఆయన పరువు తీశావు," అంది. అసలు జరిగిందేమిటో ఆవిడకు అంకుల్ ఎలా చెప్పారో నేను అడగలేదు. వచ్చే నెల నుంచి యూనివర్సిటీకి దగ్గరలో ఇంకో ముగ్గురితో కలిసి ఉంటానని చెప్పాను. ఎవరూ వద్దనలేదు.

వెళ్లే రోజు ఆదివారం. నేను ట్రైన్‌లో వెళ్తానంటే అంకుల్ ఒప్పుకోలేదు. "సూట్‌కేసులతో ట్రైన్ ఏంటి, పద, దింపుతాను," అన్నారు. పెద్ద కారు తీసుకుని ఆంటీ ఎక్కడికో వెళ్లింది. ఈ కారు డిక్కీలో పెద్ద సూట్‌కేసు ఒకటే పట్టింది. రెండోది ముందు సీట్లో పెట్టి, నేను వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. గంట దారిలో ఆయన రెండుసార్లు ఏసీ సరిపోతుందా అని అడిగారు. సరిపోతుందన్నాను.

కొత్త ఇంటి ముందు సామాను దింపాక, ఆయన జేబులో చేతులు పెట్టుకుని కాసేపు నిలబడ్డారు. "అన్నం వేళకి తింటూ ఉండు. పరీక్షలు జాగ్రత్త," అన్నారు. "అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూ ఉండు."

చేస్తానన్నాను. చెయ్యలేదు.